లాగ్ ఎందుకు పడదు? పడితే రెండుసార్లు ఎందుకు పడుతుంది?

పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసి చూడండి. లాగింగ్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసుకుని, గెట్‌లాగర్‌తో "బిల్లులు" అనే పేరుమీద ఒక లాగర్ తెచ్చుకోండి. సెట్‌లెవెల్‌తో దాని లెవెల్‌ని డీబగ్‌కి దించండి. తర్వాత లాగర్.ఇన్ఫో అని "లెక్క మొదలైంది" అన్న మాట రాయించండి. రన్ కొడితే తెరమీద ఏమీ రాదు. డీబగ్ నుంచి అన్నీ కావాలని మనమే చెప్పాం, ఇన్ఫో డీబగ్‌కంటే పై మెట్టు. అయినా రాదు.

ఇప్పుడు ఆ ఇన్ఫో లైనుకి పైన ఇంకో లైను చేర్చండి: లాగింగ్.డీబగ్("పరీక్ష"). మన లాగర్ పేరుతో కాదు, మాడ్యూల్ పేరుతోనే పిలవాలి. మళ్లీ రన్ కొట్టండి. "పరీక్ష" అన్న మాట ఎక్కడా కనపడదు. కానీ ఇందాక రాని "లెక్క మొదలైంది" వచ్చేస్తుంది, ముందు ఇన్ఫో అని, బిల్లులు అని చీటీ కూడా తగిలించుకుని. చేర్చిన లైను తాను పడలేదు గానీ కింది లైనుని పడేట్టు చేసింది. దాన్ని తీసేస్తే మళ్లీ ఖాళీ తెర.

ఇలాంటిది ఒకటి రెండుసార్లు ఎదురయ్యాక "ఈ లాగింగ్‌ని నమ్మలేం, ప్రింట్ కొట్టుకోవడమే మేలు" అనేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ప్రింట్ మన టేబుల్ మీద, మన కళ్లెదుట పనికొస్తుంది. అర్ధరాత్రి ఎక్కడో సర్వర్‌లో ఒక చెల్లింపు విరిగిపోతే, పొద్దున వచ్చిన మనిషికి ఏ గంటకి, ఏ భాగంలో, ఎందుకు విరిగిందో చెప్పేది లాగ్ ఒక్కటే. అందుకని ఆ రెండు పరుగుల మధ్య ఏం జరిగిందో నిదానంగా చూద్దాం. అది అర్థమైతే లాగింగ్‌లో జనాన్ని తిప్పలు పెట్టే విషయాల్లో ముప్పాతిక వంతు అర్థమైనట్టే.

లాగింగ్‌లో రాయించేది ఒకరు, రాసేది ఒకరు. మనం పిలిచేది లాగర్‌ని. అది సందేశాన్ని అందుకుంటుందే గానీ తనంతట తాను ఎక్కడా రాయదు. రాసే పని హ్యాండ్లర్‌ది: తెరమీదకో, ఫైల్లోకో, నెట్‌వర్క్ మీదకో. ఎలా రాయాలో, తేదీ ముందా పేరు ముందా అన్నది ఫార్మాటర్ చూసుకుంటుంది. లాగర్‌కి ఒక లెవెల్ ఉంటుంది, హ్యాండ్లర్‌కి విడిగా ఇంకో లెవెల్ ఉంటుంది. లెవెల్స్ అంటే ఉత్త అంకెలే: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. సున్నా అంటే నాట్‌సెట్, ఇంకా ఏదీ పెట్టలేదని.

లాగర్లకి వంశవృక్షం ఉంది. పేరులోని చుక్కలే ఆ చుట్టరికం చెబుతాయి. "దుకాణం.బిల్లులు.పన్ను" అనే లాగర్‌కి తల్లి "దుకాణం.బిల్లులు", దానికి తల్లి "దుకాణం", అందరికీ పైన పెద్ద, రూట్ లాగర్. కొత్తగా పుట్టిన లాగర్ లెవెల్ సున్నా. సున్నా ఉన్న లాగర్ తన తల్లిని అడుగుతుంది, ఆమెదీ సున్నా అయితే ఆమె తల్లిని. ఎక్కడా ఏమీ పెట్టకపోతే ప్రశ్న రూట్ దాకా వెళ్తుంది. రూట్‌కి మాత్రం పుట్టుకతోనే 30 పెట్టారు. ఏ సెట్టింగూ చేయకుండా ఇన్ఫో కొడితే పడకపోవడానికి, వార్నింగ్ కొడితే పడటానికి కారణం ఇదే.

సందేశం పుట్టినచోట లాగర్ లెవెల్ ఒక్కసారి చూస్తారు. అక్కడ దాటితే ఇక అది పైకి ప్రయాణం కడుతుంది. కొండవాగు ఏట్లో కలిసి, ఏరు నదిలో కలిసినట్టు, పిల్ల లాగర్ దగ్గర్నుంచి తల్లి దగ్గరికి, అక్కడ్నుంచి రూట్ దాకా. దారిలో ఏ లాగర్‌కి హ్యాండ్లర్లు తగిలించి ఉన్నా, వాటన్నిటికీ సందేశం అందుతుంది. హ్యాండ్లర్ తన సొంత లెవెల్ చూసుకుని రాయాలా వద్దా తేల్చుకుంటుంది. ఒక్క మాట మాత్రం చాలామందికి తెలియదు: దారిలో తగిలే తల్లుల లెవెల్‌ని ఎవరూ మళ్లీ అడగరు. వాళ్ల హ్యాండ్లర్లనే పిలుస్తారు.

మన మొదటి ప్రోగ్రాంకి వద్దాం. "బిల్లులు" లెవెల్ 10, సందేశం 20, దాటింది. కానీ బిల్లులుకి హ్యాండ్లర్ లేదు, రూట్‌కీ లేదు. రాసే చెయ్యి ఎక్కడా లేదు. ఇలాంటప్పటికని పైథాన్ 3.2 నుంచి ఒక ఆఖరి హ్యాండ్లర్‌ని లోపల దాచి ఉంచారు, దాని పేరే లాస్ట్‌రిసార్ట్. దాని లెవెల్ 30. వార్నింగ్ అయితే ఉత్త మాటని, ఏ చీటీ లేకుండా, తెరమీద పెడుతుంది. మనది ఇన్ఫో, 20. అక్కడ ఆగిపోయింది. పేరు, లెవెల్ ఏమీ లేకుండా బోడిగా ఒక వార్నింగ్ లైను తెరమీద కనపడితే, మీ ప్రోగ్రాంలో హ్యాండ్లర్లు అసలు లేవన్నమాట. నేను ఎవరి లాగ్ చూసినా మొదట వెతికేది ఈ గుర్తునే.

రెండో పరుగులో ఏమైంది? లాగింగ్.డీబగ్, లాగింగ్.ఇన్ఫో అంటూ మాడ్యూల్ పేరుతో పిలిచే ఫంక్షన్లు కొత్తవాళ్ల సౌకర్యం కోసం పెట్టినవి. అవి పని మొదలుపెట్టే ముందు రూట్‌కి హ్యాండ్లర్లు ఉన్నాయా అని చూస్తాయి. లేకపోతే మనకి చెప్పకుండా బేసిక్‌కాన్ఫిగ్‌ని పిలుస్తాయి. అది స్టాండర్డ్ ఎర్రర్‌కి రాసే ఒక హ్యాండ్లర్‌ని తయారుచేసి రూట్‌కి తగిలిస్తుంది. ఆ హ్యాండ్లర్ లెవెల్ సున్నా, ఏది వచ్చినా రాస్తుంది. "పరీక్ష" అన్న సందేశం మాత్రం రూట్‌దే కాబట్టి, రూట్ లెవెల్ 30 కాబట్టి, గడప దాటలేదు. కానీ తగిలించిన హ్యాండ్లర్ అక్కడే ఉండిపోయింది. తర్వాత బిల్లులు నుంచి బయల్దేరిన ఇన్ఫో పైకి వెళ్లి ఆ హ్యాండ్లర్‌కి చిక్కింది. రూట్ లెవెల్ 30 ఉన్నా దాన్ని ఆపలేదు, తల్లి లెవెల్‌ని ఎవరూ అడగరు కదా.

ఇదే పని ఇంకోచోట నష్టం చేస్తుంది. అందరూ అడిగే ప్రశ్న కూడా అదే: "బేసిక్‌కాన్ఫిగ్‌లో ఫైల్ పేరు ఇచ్చాను, లెవెల్ ఇచ్చాను, ఫార్మాట్ ఇచ్చాను. ఎర్రర్ రాలేదు. కానీ ఫైలే పుట్టలేదు, ఎందుకు?"

బేసిక్‌కాన్ఫిగ్ లోపలికి వెళ్లి చదివితే జవాబు ఒక్క షరతులో ఉంది. రూట్‌కి ఇప్పటికే ఒక్క హ్యాండ్లర్ ఉన్నా అది ఏమీ చేయకుండా తిరిగొచ్చేస్తుంది. ఫైల్ తెరవదు, ఫార్మాట్ మార్చదు, లెవెల్ కూడా మార్చదు. ఎర్రర్ ఇవ్వదు, హెచ్చరిక ఇవ్వదు. ఫైల్‌నేమ్ అన్న మాటని అక్షరదోషంతో రాసినా, హ్యాండ్లర్ ముందే ఉంటే ఆ తప్పుని కూడా పట్టుకోదు, ఎందుకంటే తెలియని మాటల్ని పరీక్షించే లైనూ ఆ షరతు లోపలే ఉంది. మీ బేసిక్‌కాన్ఫిగ్‌కి ముందు ఎవరో ఎక్కడో ఒక లాగింగ్.వార్నింగ్ కొట్టి ఉంటే చాలు. మీరు ఇంపోర్ట్ చేసిన ఏదో ఫైల్లో, అది ఇంపోర్ట్ అవుతున్నప్పుడే, ఆ ఒక్క లైను నడిచి ఉంటే చాలు. స్థలం భర్తీ అయిపోయింది, మీ మాటకి విలువ లేదు.

కొన్నిచోట్ల మీ కోడ్ మొదటి లైను నడిచేలోపే ఆ స్థలం భర్తీ అవుతుంది. ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో పైథాన్ రన్‌టైమ్ తన హ్యాండ్లర్‌ని ముందే రూట్‌కి తగిలించి ఉంచుతుంది. పైటెస్ట్ టెస్టులు నడిపేటప్పుడు లాగ్‌ని పట్టుకోవడానికి తన హ్యాండ్లర్ పెట్టుకుంటుంది. మన ల్యాప్‌టాప్‌లో బంగారంలా పనిచేసిన బేసిక్‌కాన్ఫిగ్ అక్కడికి వెళ్లేసరికి మూగబోవడం ఇందుకే.

ఎందుకిలా రాశారు? ఇది అలసత్వం అనుకోకండి. పైథాన్‌లోకి లాగింగ్ రావాలని ప్రతిపాదించిన పత్రం పెప్ 282, 2002 నాటిది. రాసింది వినయ్ సాజిప్, ట్రెంట్ మిక్. జావా లోకంలో అప్పటికే పేరున్న లాగ్4జె నమూనాగా, సాజిప్ రాసిన మాడ్యూల్ 2003లో పైథాన్ 2.3తో బయటికొచ్చింది. పైథాన్ పద్ధతిలో కింది గీతలతో కాకుండా గెట్‌లాగర్, సెట్‌లెవెల్ అని మధ్యలో పెద్దక్షరంతో పేర్లు ఉండటం ఆ జావా చుట్టరికమే. ఒకే ప్రోగ్రాంలో పదిమంది రాసిన లైబ్రరీలు కలిసి బతకాలన్నది వాళ్ల ముందున్న చిక్కు. అందరూ రూట్‌ని తలా ఒకలా మార్చేస్తే అసలు యజమాని ఏర్పాటు నిలవదు. అందుకని బేసిక్‌కాన్ఫిగ్‌ని మొదట వచ్చినవాడి మాటే చెల్లేట్టు రాశారు. రెండోసారి, మూడోసారి పిలిచినా హాని లేదు. ఆలోచన మంచిదే. కానీ పట్టించుకోనప్పుడు ఆ సంగతి చెప్పకపోవడం మాత్రం తప్పేనని నా అభిప్రాయం. ఒక్క హెచ్చరిక లైను ఉండుంటే ఎందరికో ఎన్నో సాయంత్రాలు మిగిలేవి.

పైథాన్ 3.8లో దీనికి ఫోర్స్ అనే మాట చేర్చారు. బేసిక్‌కాన్ఫిగ్‌లో ఫోర్స్ ట్రూ అని ఇస్తే రూట్‌కి ఉన్న పాత హ్యాండ్లర్లని తీసి, మూసి, కొత్తగా మొదలుపెడుతుంది. నడపబోయే ప్రోగ్రాం మీదే అయితే నిస్సంకోచంగా వాడండి. లైబ్రరీ రాస్తున్నవాళ్లు మాత్రం బేసిక్‌కాన్ఫిగ్‌ని అసలు పిలవకూడదు. ఇతరుల ఇంట్లో దీపం ఎక్కడ పెట్టాలో అతిథి నిర్ణయించడు. తమ పేరుమీద ఒక లాగర్ తెచ్చుకుని, దానికి ఏమీ రాయని నల్‌హ్యాండ్లర్ తగిలించి ఊరుకుంటే చాలు.

మరి ఒక్కో లైను రెండుసార్లు పడటం ఎందుకు? ఇదీ వాగు కథే. బిల్లులు లాగర్‌కి ఒక హ్యాండ్లర్ తగిలించారు, రూట్‌కి బేసిక్‌కాన్ఫిగ్ ఇంకోటి తగిలించింది. సందేశం తన దగ్గర ఒకసారి రాయించుకుని, పైకెళ్లి మళ్లీ రాయించుకుంటుంది. రెండు లైన్ల రూపం వేరువేరుగా ఉంటే కారణం ఇదేనని తెలిసిపోతుంది: ఒకదాంట్లో తేదీ ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. రెండిట్లో ఒక హ్యాండ్లర్‌ని తీసేయాలి. నన్నడిగితే కింది దాన్నే తీయమంటాను. ఆ లాగర్ ప్రాపగేట్‌ని ఫాల్స్ చేసి పైకి పోకుండా ఆపే దారీ ఉంది గానీ, అలా కట్ట వేశాక రేపు రూట్‌కి తగిలించబోయే ఫైల్ హ్యాండ్లర్‌కి ఈ వాగు నీరు అందదు.

రెండు లైన్లూ అచ్చంగా ఒకేలా ఉంటే కారణం వేరు. నేను చూసిన ఒక ప్రోగ్రాంలో, రోజుకోసారి నడిచే పనికి "లాగర్ ఇవ్వు" అనే ఫంక్షన్ ఉండేది. పిలిచినప్పుడల్లా గెట్‌లాగర్ చేసి, కొత్త హ్యాండ్లర్ తగిలించి ఇచ్చేది. ప్రాసెస్ ఆగకుండా నడుస్తుంది కాబట్టి సోమవారం ఒక్కో లైను ఒకసారి పడింది, మంగళవారం రెండుసార్లు, బుధవారం మూడుసార్లు. నెలాఖరుకి డిస్క్ నిండేదాకా వచ్చింది. రాసినాయన ప్రతిసారీ కొత్త లాగర్ వస్తుందనుకున్నాడు. గెట్‌లాగర్ అలా ఇవ్వదు. ఒకే పేరుతో ఎన్నిసార్లు అడిగినా, ఏ ఫైల్ నుంచి అడిగినా, అదే వస్తువు తిరిగి ఇస్తుంది. దానికి తగిలించిన హ్యాండ్లర్లు పోగుపడుతూనే ఉంటాయి. తగిలించే పని ప్రోగ్రాం మొదట్లో ఒక్కసారే జరగాలి.

రూట్ లెవెల్‌ని డీబగ్‌కి దించగానే యూఆర్ఎల్‌లిబ్3, బోటోకోర్ లాంటి లైబ్రరీల మాటలు వరదలా వచ్చిపడేది కూడా వంశవృక్షం వల్లే. వాటి లాగర్ల లెవెల్ సున్నా, పైకి చూసి రూట్ అంకెనే తమదిగా తీసుకుంటాయి. గెట్‌లాగర్‌లో ఆ లైబ్రరీ పేరిచ్చి దాని లెవెల్‌ని వార్నింగ్‌కి పెంచితే వాటి గోల ఆగుతుంది, మనది ఉంటుంది.

ఇంకొక చిన్న సంగతి. ప్రోగ్రాం అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించారు, ప్రింట్ కొట్టినవి ఫైల్లో ఉన్నాయి, లాగ్ మాత్రం తెరమీదే పడుతోంది. బేసిక్‌కాన్ఫిగ్ పెట్టే హ్యాండ్లర్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి కాదు, స్టాండర్డ్ ఎర్రర్‌కి రాస్తుంది. దాన్నీ మళ్లించాలి, లేదా స్ట్రీమ్ అన్న మాటకి మనకి కావలసింది ఇవ్వాలి.

ఇప్పటిదాకా చెప్పినవాటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇంకొకటి ఉంది. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట ఒక సర్వీసు మొదలవగానే డేటాబేస్ మార్పుల్ని తానే నడిపి, తర్వాత పనిలోకి దిగేది. ఆ మార్పుల వరకు లాగ్ చక్కగా పడేది. తర్వాత ఒక్క లైను ఉండదు. ఇన్ఫో లేదు, ఎర్రర్ లేదు, క్రిటికల్ కూడా లేదు. రెండు రోజులు మేము అంతా సవ్యంగా ఉందనే అనుకున్నాం. లాగ్ ఖాళీగా ఉంటే తప్పు లేదని నమ్మడం మనిషి స్వభావం. ఆ రెండు రోజుల్లో విఫలమైన అభ్యర్థనల్ని తర్వాత డేటాబేస్‌లోంచి ఒక్కొక్కటిగా ఏరుకోవాల్సి వచ్చింది.

కారణం డిజేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్ అనే ఒక సెట్టింగ్. లాగింగ్‌ని ఫైల్ నుంచి అమర్చే ఫైల్‌కాన్ఫిగ్‌లోనూ, డిక్షనరీ నుంచి అమర్చే డిక్ట్‌కాన్ఫిగ్‌లోనూ ఇది ఉంది, మనం ఏమీ చెప్పకపోతే రెండిట్లోనూ దాని విలువ ట్రూ. అంటే అమర్చే క్షణానికి ముందే పుట్టి ఉన్న లాగర్లలో, తమ పేరో తమ పైవాళ్ల పేరో ఆ అమరికలో లేనివాటన్నిటినీ నోరు నొక్కేస్తుంది. రూట్‌కి మినహాయింపు. మనమందరం ప్రతి ఫైలు పైభాగాన గెట్‌లాగర్ రాసుకుంటాం కాబట్టి, ఇంపోర్ట్ అయిన మరుక్షణం ఆ లాగర్లు పుట్టేసి ఉంటాయి. డేటాబేస్ మార్పులకి చాలామంది వాడే అలెంబిక్ తయారుచేసి ఇచ్చే ఎన్వ్ ఫైల్లో ఫైల్‌కాన్ఫిగ్ పిలుపు ఉంటుంది. అది చదివే సెట్టింగుల్లో రూట్, ఎస్‌క్యూఎల్‌అల్కెమీ, అలెంబిక్ పేర్లే ఉంటాయి. విడిగా కమాండ్‌గా నడిపితే ఏ ఇబ్బందీ లేదు. సర్వీసు ప్రాసెస్ లోపల్నుంచే నడిపితే మిగతా లాగర్లన్నీ ఒక్క దెబ్బకి మూగవైపోతాయి. పాత ప్రోగ్రాములు దెబ్బతినకూడదని ఆ ట్రూని అలాగే ఉంచారు. కొత్తగా రాసేటప్పుడు మాత్రం ఈ సెట్టింగ్‌ని ఫాల్స్ అని చేత్తో రాయండి, ప్రతిసారీ.

లాగ్ పడనప్పుడు ఊహించుకుంటూ కూర్చోకుండా, పడాల్సిన లైనుకి సరిగ్గా పైన ఆ లాగర్ ఐదు సంగతుల్ని ప్రింట్ చేసి చూడండి: గెట్‌ఎఫెక్టివ్‌లెవెల్ ఇచ్చే అంకె, హ్యాండ్లర్ల జాబితా, ప్రాపగేట్, డిజేబుల్డ్, పేరెంట్. తర్వాత పేరెంట్‌కి కూడా అవే, రూట్ దాకా. హ్యాండ్లర్ల జాబితాలో ప్రతిదాని పక్కన దాని లెవెల్ కూడా కనపడుతుంది. మా సర్వీసులో ఈ పని చేసిన రోజున లెవెల్ సరిగ్గా ఉంది, హ్యాండ్లర్ ఉంది, ప్రాపగేట్ ట్రూ. నాలుగోది, డిజేబుల్డ్, అదీ ట్రూ అని వచ్చింది. రెండు రోజుల వెతుకులాట అక్కడితో ముగిసింది.

చివరిగా తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలే ఒక చిక్కు. లాగ్‌లో ఒక వినియోగదారు పేరు, రమణ అనుకుందాం, తెలుగు లిపిలోనే రాయించారు. లినక్స్ సర్వర్‌లో సాధారణంగా చక్కగా పడుతుంది. అదే ప్రోగ్రాం విండోస్‌లో నడిపితే ఫైల్లో పేరు ఉండదు. ఎన్‌కోడింగ్ ఏదో చెప్పకపోతే పైథాన్ ఆ సిస్టమ్ అలవాటుని తీసుకుంటుంది. విండోస్‌లో అది తరచుగా పశ్చిమ ఐరోపా అక్షరాలకి చేసిన 1252 పట్టిక. అందులో ర లేదు, మ లేదు, ణ లేదు.

ఫైల్‌హ్యాండ్లర్‌ని మీరే తయారుచేసి ఉంటే ఆ లైను ఫైల్లోకి వెళ్లదు. ప్రోగ్రాం ఆగదు, లాగింగ్ ఎర్రర్ అంటూ పొడుగాటి ట్రేస్‌బ్యాక్ మాత్రం తెరమీద పడుతుంది. తెరని ఎవరూ చూడని సర్వర్ అయితే ఆ లైను పోయిందని కూడా తెలియదు. పైథాన్ 3.9 లేదా ఆపై వెర్షన్‌లో బేసిక్‌కాన్ఫిగ్‌తో ఫైల్ తెరిచి ఉంటే ఇంకోలా జరుగుతుంది. లైను పోదు గానీ, ర ఉండాల్సిన చోట ఒక వాలుగీత, యు అనే ఇంగ్లీషు అక్షరం, 0సి30 అనే సంకేతం పడతాయి. మ బదులు 0సి2ఇ, ణ బదులు 0సి23. రాయలేని అక్షరం వస్తే దాని సంకేతం రాయమని బేసిక్‌కాన్ఫిగ్‌కి లోపల చెప్పి ఉంచారు.

ఆ 3.9లోనే బేసిక్‌కాన్ఫిగ్‌కి ఎన్‌కోడింగ్ అన్న మాట కూడా చేర్చారు, ఫైల్‌హ్యాండ్లర్‌కి అంతకుముందు నుంచే ఉంది. అక్కడ యూటీఎఫ్-8 అని ఇచ్చి, పాత ఫైల్ పక్కన పెట్టి, మళ్లీ రన్ కొట్టండి. రమణ పేరు రమణగానే పడుతుంది.